తెరుచుకోని చిరునామా

మఠం ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూసే శేషశయనుడికి ఆ పొద్దున ఎక్కడలేని కోపం వచ్చింది. నెత్తురు పరీక్షల ఫలితాలు అడుగుతూ అతను పంపే సందేశాలన్నింటినీ పట్నంలోని ల్యాబు యంత్రం తిప్పికొడుతోంది. ‘ఇందులో రోగి వివరం లేదు’ అంటుంది. తెర మీద చూస్తే రోగి అన్న మాటా ఉంది, పక్కన ఓబులమ్మ పేరూ ఉంది.

ఫలితం రాకపోతే ఓబులమ్మ కంటికి ఆపరేషన్ లేదు. కంటి డాక్టరు ఈ పూట బస్సెక్కితే మళ్ళీ నెల దాకా రారు.

మఠం స్వామి అరుగు మీద మందుపొట్లాలు కడుతున్నారు. శయనుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అవతలి యంత్రం గుడ్డిది సామీ!"

"నిన్నటిదాకా చూపు బాగానే ఉండెనే. నువ్వేమన్నా కదిలించినావా నాయనా?"

శయనుడిది సర్దే చెయ్యి. గుమ్మం ముందు చెప్పులు వంకరగా ఉన్నా ఊరుకోలేడు.

"తప్పేం చెయ్యలేదు సామీ. సందేశం యంత్రాలు చదువుకునే ఎక్స్ఎంఎల్ పద్ధతిలో రాస్తాం. దాని నెత్తిన నేమ్‌స్పేస్ అని బారెడు వెబ్ చిరునామా ఒకటి ఉండేది. బ్రౌజర్‌లో కొట్టి చూశాను. ఏమీ తెరుచుకోలేదు. ఎందుకా చెత్త అని తీసి పారేశాను."

స్వామి వరండా వైపు తిరిగి గొంతెత్తారు.

"ఓబులమ్మా, రా తల్లీ!"

ముగ్గురు ముసలమ్మలు లేచారు.

"యా ఓబులమ్మని సామీ? పరుగుపందెం పెట్టినావా మాకు?" అందొకామె. తక్కిన ఇద్దరూ పకపకా నవ్వారు.

"ఇంటిపేరుతో పిలవండి సామీ," శయనుడు గొణిగాడు. "గుండ్లపాటి ఓబులమ్మ."

స్వామి అలాగే పిలిచారు. ఈసారి ఒక్కతే వచ్చింది, కంటికి పచ్చగుడ్డ అడ్డం పెట్టుకొని. స్వామి ఆమె చెయ్యి పట్టుకొని పక్కన కూచోబెట్టుకున్నారు.

"మీ గుండ్లపాడు యాడుందమ్మా? పోయి తలుపు తడితే ఎవరన్నా పలుకుతారా?"

"యాడి ఊరు సామీ! డ్యాం కట్టిన్నాడే మునిగిపాయె. ఇప్పుడు తలుపు తడితే చేపలు పలకాల."

"తెరుచుకోకపోయినా ఆ చిరునామా ‘రోగి’ అన్న మాటకు ఇంటిపేరు సామీ!" అన్నాడు శయనుడు. ఓబులమ్మ ముఖంలోకి ఒకసారి చూశాడు. దాన్ని తిరిగి పెట్టడానికి గబగబా కంప్యూటరు గదిలోకి నడిచాడు.

అటు డాక్టరు సంచి భుజానికి తగిలించుకొని మెట్లు దిగుతున్నారు. స్వామి లేచి, ఎదురుపోయి, ఆయన చేతిలో మజ్జిగ లోటా పెట్టారు.

"కూచోండి డాక్టరుగారూ. మావాడు లోపలికి పోయినాడు."