రెండో చరణం

ఎలీషా కట్టిన పండగ పాటలో దయామణి గొంతు వినపడటం లేదు. పది రోజులుగా అతని బాధంతా అదే.

ఎలీషా నరసాపురం దగ్గర మా చర్చిలో బ్యాండు నడుపుతాడు. పగలు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు, సాయంత్రం కీబోర్డు. చర్చి కట్టి యాభై ఏళ్లయిన పండగ వచ్చే ఆదివారమే. దానికోసం మాటలు తనే రాసి, రాగం తనే కట్టాడు. సొంతంగా కట్టిన మొదటి పాట కాబట్టి దాని మీద అతనికున్న మమకారం ఇంతా అంతా కాదు. పాడాల్సింది దయామణి. ఆవిడ పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. పదేళ్లుగా చర్చిలో ముందు నిలబడి పాడేది ఆవిడే.

చెయ్యగలిగినవన్నీ చేసి చూశాడు ఎలీషా. మైకు పెంచాడు. అది కుయ్యిమని అరిచింది. మైకు మార్చాడు. కొత్త మైకులోంచి దయామణి గొంతు కంటే వెనకున్న సంసోను డ్రమ్ములే బాగా వచ్చాయి. పెద్ద స్పీకరు తెప్పించాడు. అది వచ్చాక గిటారు వాయించే తిమోతికి తన గిటారు తనకే వినపడటం లేదేమోనని అనుమానం పుట్టింది. మీట ఒక్క పిసరు తిప్పుకున్నాడు. అది విని సంసోను కాస్త బలంగా కొట్టాడు. బైబిల్లో మహాబలుడి పేరది, సంసోనుకి ఆ పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. ఇద్దరి మధ్యా తన కీబోర్డు ఏమైపోతుందోనని ఎలీషా కూడా ఒక పిసరు పెంచాడు. ఇలా తలా ఒక పిసరూ పెంచుకుంటూ పోయేసరికి ప్రాక్టీసు చేసే హాలు కప్పిన రేకులు అదరడం మొదలైంది. పక్కింటివాళ్లు మర్యాదస్థులు కాబట్టి కిటికీలు మూసుకుని ఊరుకున్నారు.

చివరికి తప్పు దయామణి గొంతుదేనని ఎలీషా తేల్చేశాడు. తేల్చాక కృపావరం మేస్టారి దగ్గరికి వెళ్లాడు.

మేస్టారిది డెబ్భయ్ ఆరేళ్ల వయసు. మా చర్చిలో నలభై ఏళ్లు ఒక్క హార్మనీ పెట్టెతో పాటలు నడిపిన మనిషి. ఎలీషాకి సరిగమలు నేర్పింది ఆయనే. ఆ రోజుల్లో మాలో సగం మందికి చదువు రాదు. మేస్టారు ముందు ఒక పాదం పలికేవారు, అందరూ విని ఆ పాదం పాడేవారు. ఇప్పుడు ఆ అవసరం లేదు. ప్రొజెక్టరు వచ్చింది, మాటలు గోడ మీద పడతాయి. ఇదంతా మీకు నచ్చిందా అని ఎవరైనా అడిగితే, "బాగానే ఉందిరా, అక్షరాలు ఇంకాస్త పెద్దవి వెయ్యండి" అంటారు.

ఎలీషా వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు తెంపుతున్నారు.

"వందనాలు మేస్టారూ."

"రా రా. పాట ఎందాకా వచ్చింది?"

"అంతా అయిపోయిందండి. దయామణక్క గొంతే చాలటం లేదు. ఎంత పెంచినా చెవికి ఆనటం లేదండి."

మేస్టారు ఆకు తెంపుతూనే ఉన్నారు.

"భీమవరంలో ఒకమ్మాయి ఉందండి," అన్నాడు ఎలీషా. "పాడిందంటే వీధి చివరిదాకా వినపడుద్ది. ఈ ఒక్క పాటకీ ఆ అమ్మాయిని పిలుద్దామని. అక్కతో ఈ మాట నేను చెప్పలేనండి. మీరు చెబితే నొచ్చుకోదు."

"పాటలో మాటలు నువ్వే రాశావంట కదా?"

"నేనేనండి."

"అన్నీ నోటికొచ్చా?"

"నిద్రలో లేపి అడిగినా చెబుతానండి."

"అయితే గురువారం ప్రాక్టీసుకి నేనూ వస్తాను," అన్నారు మేస్టారు.

దయామణికి చెబుతానన్నారో, చెప్పనన్నారో ఎలీషాకి అర్థం కాలేదు. మళ్లీ అడగడానికి నోరు రాలేదు. గోంగూర కట్ట ఒకటి చేతిలో పెడితే తీసుకుని వచ్చేశాడు.

గురువారం ఆరింటికి మేస్టారు అన్నట్టే వచ్చారు. ప్రాక్టీసు సండేస్కూలు హాల్లో జరుగుతుంది. పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద, అన్నిటికంటే వెనక, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని పాట మొత్తం ఒకసారి విన్నారు. తరవాత లేచి, పాట రెండోసారి నడుస్తుంటే ఒక్కొక్కరి పక్కనా కాసేపు నిలబడ్డారు. తిమోతి పక్కన, సంసోను పక్కన, ఎలీషా వెనక. సంతకొచ్చి ఏమీ కొనకుండా తిరిగే మనిషిలా తిరిగారు.

పాట అయ్యాక దయామణి దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో చెప్పారు.

ఎలీషా కీబోర్డు మీంచి తలెత్తి చూశాడు. దయామణి తల అడ్డంగా ఊపింది. మేస్టారు మళ్లీ ఏదో చెప్పారు. ఆవిడ ఎలీషా వైపు ఒకసారి చూసి, తల దించుకుని నవ్వింది. భీమవరం సంగతి చెప్పేశారేమో అనుకున్నాడు ఎలీషా. చెబితే నవ్వుతుందా? చెప్పకపోతే తన వైపు ఎందుకు చూసింది? ఎటూ తేలలేదు. దయామణి ఫ్లాస్కులోంచి వేణ్నీళ్లు పోసుకుని, గోడవైపు తిరిగి, వేళ్ల మీద ఏదో లెక్క పెట్టుకుంటూ నిదానంగా తాగింది.

"మళ్లీ మొదటినించీ వాయించండి," అన్నారు మేస్టారు. "గోడ మీద మాటలు కూడా వెయ్యండి. పండగరోజు ఎలా ఉంటుందో అలా."

మాటలు పడ్డాయి. పాట మొదలైంది. పల్లవి వెళ్లింది, మొదటి చరణం వెళ్లింది. రెండో చరణం ఎలీషాకి ప్రాణం. అది గోడ మీద పడగానే అతని చేతులు వాటంతటవే ఊపందుకుంటాయి.

*ఏటి గట్టున నిలిచి పేరు పెట్టి పిలిచావు*
*తడిసిన నా చేతిని విడువక పట్టావు*
*అలలు లేచిన వేళ పడవలోకి వచ్చావు*
*అడగకుండానే నాకు ఒడ్డు చూపించావు*

దయామణి ఈసారి గోడ వైపు చూడలేదు. ఎలీషా మొహంలోకే చూస్తూ పాడింది. ఆవిడ కళ్లలో నీళ్లు కూడా కనిపించాయి. నా మాటలు మనిషిని ఇంతగా కదిలిస్తున్నాయా అని ఎలీషా లోపల పొంగిపోయాడు. ఆ పొంగులో చివరి పాదానికి ఇంకాస్త పెంచాడు. దయామణికేసి చూసి, బాగుందన్నట్టు తలూపాడు కూడా.

పాట ఆగింది. రేకులు ఇంకా సన్నగా అదురుతున్నాయి.

"ఇవాళ బాగా వచ్చింది కదండీ మేస్టారూ?" అన్నాడు.

"రెండో చరణం ఎలా పాడిందంటావు?"

"మనసు పెట్టి పాడిందండి. బలమే చాల్లేదు."

"నీకెలా ఉంది?" అని మేస్టారు సంసోనుని అడిగారు.

"అద్దిరిపోయిందండి," అన్నాడు సంసోను.

తిమోతిని అడిగితే, మాటలన్నీ స్పష్టంగా పలికిందన్నాడు.

మేస్టారు తలపంకించారు. "ఏదమ్మా, ఆ రెండో చరణం ఒక్కటీ మళ్లీ పాడు. ఇందాక పాడినట్టే. మీరు ముగ్గురూ వాయించకండి."

దయామణి మొహంలో నవ్వు పోయింది. "వద్దులెండి మేస్టారూ. ఏదో మీరన్నారని పాడాను."

"పరవాలేదు. పాడు."

ఆవిడ మైకు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, గొంతు పెంచకుండా పాడింది. రాగం ఎలీషా కట్టినదే, ఎక్కడా తప్పలేదు.

*ఎలీషా తమ్ముడూ గొంతు మండిపోతోంది*
*మందు మింగి మింగి నోరు చేదెక్కింది*
*ఈ పండగ వెళ్లాక పాట మానుకుంటాను*
*మూడుసార్లు చెప్పాను, తల ఊపి ఊరుకున్నావు*

గోడ మీద మాత్రం ఏటి గట్టు, పడవ, ఒడ్డు ఇంకా వెలుగుతున్నాయి.

ఎలీషాకి చెవులు వేడెక్కాయి. తను రాసిన మాటలు, నిద్రలో లేపినా చెప్పగలనన్న మాటలు, తన కళ్లముందే ఎవరో తీసేసి వేరేవి పెడితే తనకి తెలియలేదు. పైగా తలూపాడు. సిగ్గుతో ఎటు చూడాలో తెలియక కీబోర్డు వైపు చూశాడు. తిమోతి గిటారు భుజం మీంచి దించాడు. సంసోను కర్రలు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మూడుసార్లు ఎప్పుడు చెప్పావక్కా?" అన్నాడు ఎలీషా చివరికి.

"పోయిన గురువారం ఒకసారి. నువ్వు ఏదో మీట తిప్పుకుంటా, సరే అక్కా అన్నావు. ఆదివారం ఇక్కడే, మీరంతా వాయిస్తుంటే చెప్పాను. అప్పుడూ తలూపావు. ఇప్పుడు మూడోసారి." దయామణి కోపంగా చెప్పలేదు. అందుకే అతనికి ఇంకా బాధేసింది. "పొద్దున్నే వార్డుకెళ్తే నా మాట నాకే రావటం లేదు తమ్ముడూ. మీ ముగ్గురి వాయింపు మీదా అరిచి అరిచి. డాక్టరమ్మ తిట్టింది."

ఎలీషా మేస్టారి వైపు తిరిగాడు. "ఏం చెయ్యాలండి?"

"దయామణినే అడుగు," అన్నారు మేస్టారు. వెళ్లి మళ్లీ పిల్లల బల్ల మీద కూర్చున్నారు.

ఎలీషా అడిగాడు.

"మీరు వాయిస్తా ఉండండి," అంది దయామణి. "నేను పాడను, మాట్లాడతాను. ఇప్పుడు మీతో ఎలా మాట్లాడుతున్నానో అలాగే. ఇంతకంటే పెంచను. మైకు పట్టుకుంటాను గానీ, దాన్నీ పెంచను."

"ఏం మాట్లాడతావక్కా?"

"వినపడితే మీకే తెలుస్తుందిగా."

ముగ్గురూ మొదలుపెట్టారు. దయామణి పెదవులు కదులుతున్నాయి. ఒక్క ముక్క తెలియడం లేదు. తిమోతి ముందు తగ్గించాడు, ఇంకొంచెం తగ్గించాడు. తెలియలేదు. సంసోను భుజం మీది తువ్వాలు తీసి డ్రమ్ము మీద పరిచాడు. కర్రలు పక్కన పడేసి వేళ్లతో వాయించడం మొదలుపెట్టాడు. అతని మొహం చూస్తే ఎవరో అన్నం కంచం లాక్కున్నట్టుంది, కానీ తల మాత్రం పక్కకి వంచి వింటున్నాడు. "వార్డు" అన్న మాట ఒకటి, "పాప" అన్న మాట ఒకటి వినపడ్డాయి. మధ్యలోవి వినపడలేదు.

తిమోతి, సంసోను ఇద్దరూ ఎలీషాకేసి చూశారు. నాది ముందే తక్కువగా ఉంది కదా అన్నట్టు అతను వాళ్లకేసి చూశాడు. వెనకనించి మేస్టారు కూడా చూస్తున్నారు. ఎలీషా మీట తిప్పాడు. చాలదనిపించి మళ్లీ తిప్పాడు. ఎడమ చెయ్యి ఎత్తేసి, కుడిచేత్తో ఒక్కొక్క మెట్టూ నొక్కుతూ చెవి అటు పెట్టాడు.

"...పాట పాడితేనే సూది వేయించుకుంటానంది," అంటోంది దయామణి. "ఐదేళ్లుంటాయేమో. మంచం కడ్డీ పట్టుకుని ఒకటే ఏడుపు. నర్సమ్మా, నువ్వు చర్చిలో పాడతావంటగా, మా అమ్మ చెప్పింది, పాడు అంటుంది. సరేనని పాడబోతే ఎక్కడొస్తుంది గొంతు? గాలి తప్ప ఏమీ రాలేదు. అది చూసి ఇంకా ఏడుస్తుంది."

వాయింపు ఆగిపోయింది. ఎవరు ముందు ఆపారో ఎవరికీ తెలియదు.

"తరవాతేం చేశావక్కా?" అన్నాడు సంసోను.

"ఏం చేస్తాను, దాని మంచం మీదే కూర్చుని, పెదాలు కదిపినట్టుగా, గుసగుసగా పాడాను. మొదట దానికి వినపడలేదు. వినపడాలని ఏడుపు ఆపేసింది."



"సూది వేయించుకుందా?" అన్నాడు తిమోతి.

"వేయించుకుంది. ఇంకో చరణం పాడమంది."

మేస్టారు బల్ల మీంచి లేచి, మోకాళ్లు సరిచేసుకుంటూ ముందుకొచ్చారు. "గొంతు ఎలా ఉందమ్మా ఇప్పుడు?"

"ఇలాగైతే పాడగలనండి," అంది దయామణి. "ఆదివారమూ పాడగలను. ఆ తరవాతా పాడగలను."

ఎలీషా మేస్టారి పక్కకి వెళ్లి, ఇంకెవరికీ వినపడకుండా, "మేస్టారూ, ఆ భీమవరం అమ్మాయి సంగతి..." అన్నాడు.

"ఏ భీమవరం?" అన్నారు మేస్టారు. చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఒక క్షణం ఆగి, ప్రొజెక్టరు మీట నొక్కి ఆర్పేసి వెళ్లిపోయారు. గోడ ఉత్త గోడయింది.

"మొదలుపెడదామా?" అంది దయామణి.

సంసోను లెక్కపెట్టడానికి వేళ్లెత్తాడు. ఎలీషా చెయ్యి చాపి ఆపాడు.

అందరూ కదలకుండా ఉన్నారు. దయామణి ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది. అప్పుడు ఎలీషా కీబోర్డు మీద వేలు ఆనించాడు.