బోయీలకు ద్రాక్షరసం

నా అంతటివాణ్ణే నోరెళ్లబెట్టించిన మొనగాడు పల్లకీ మోసే గంటయ్య! రాజధానిలో నాగిశెట్టి పూటకూళ్ల మేడ, దానికెదురుగా పోటీగా ఇంకో పూటకూళ్ల మేడ ఉండేవి. మరో మేడ గడప తొక్కని అతిథులకు నాగిశెట్టి పైఅంతస్తులో ద్రాక్షరసం ఉచితం. దాని ఘుమఘుమకు మబ్బులే కిందికి దిగేవి!

ఓ మండుటెండలో దివాన్‌గారిని దించి, గొంతెండిపోయిన గంటయ్య కాస్త రసం అడిగాడు.

"బోయీలకా? ఇది దివాన్‌గారిలా నన్ను విడవని వాళ్లకురా!" అని శెట్టి కసిరాడు.

"దివాన్‌గారు పొలిమేర నుంచీ పల్లకీలో గుర్రుపెడతారు శెట్టిగారూ. ఎక్కడ దించితే అక్కడే లేచి భోంచేస్తారు. ఎదురు మేడ దాటించి ప్రతిసారీ ఇక్కడే దించుతున్నది మేం. మరి మిమ్మల్ని విడవనిది ఎవరంటారు?"

శెట్టి ఎదురు మేడకేసి చూశాడు. మేడ అదిరేలా పరుగెత్తి, కూజా తనే మోసుకొచ్చి బోయీలకు వంచాడు. పైనుంచి దివాన్‌గారు రసం కోసం పిలుస్తూనే ఉన్నారు!