నల్లకారు మీద మచ్చ

గుర్రబ్బండ్లే తిరిగే ఆ సంస్థానంలో కారంటూ ఉంటే అది రాజావారి నల్లకారే. అది గీతలు పడి కళ తప్పితే రంగులు వేసే సైదులు పదిరోజులపాటు తడి ఉప్పుకాగితంతో ఓపిగ్గా రుద్ది, పాలిష్ పెట్టి అద్దంలా మెరిపించాడు. దివాను గారికి మాత్రం ఒక్క మచ్చ దొరికితే చాలు, సైదుల్ని వెళ్ళగొట్టి ఆ కొలువులో తన బావమరిదిని కూర్చోబెట్టాలని ఉంది.

రాజావారు కారు చూడ్డానికి వచ్చారు. దివాను గారు తలుపు దగ్గర ముక్కు ఆనేంతగా వంగి, "అదిగో, గోధుమరంగు మచ్చ!" అని అరిచారు.

సైదులు పరుగున వచ్చి గుడ్డతో ఎంత రుద్దినా మచ్చ పోలేదు. తలెత్తి, ఇంకా వంగే ఉన్న దివాను గారి మొహం చూశాక గానీ ప్రాణం కుదుటపడలేదు.

"దొరా, ఒక్కసారి తమరు వంగి చూడండి."

రాజావారు వంగితే ఆయన మీసాలే కనిపించాయి. "మచ్చేదిరా?"

"దివాను గారు వంగితేనే కనబడుతుంది దొరా. వారి ముక్కు కింద నస్యం అంటుకుంది. ఉప్పుకాగితం ఇంకా తడిగానే ఉంది, సెలవిస్తే అక్కడే రుద్దుతాను."

దివాను గారు గబగబా కండువాతో ముక్కు తుడుచుకున్నారు. కారు మీద మచ్చ పోయింది.