పోలమ్మ జంతిక

తుఫానుని సైక్లోన్ అని ఎందుకంటారో ఎవరు చెప్తారర్రా? చక్రంలా తిరుగుతుందనా, బుజ్జీ? సగం మార్కులు వేశాను. మిగతా సగానికి కథ వినాలి.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో పోలమ్మ ఉండేది. బడి గుమ్మం దగ్గర జంతికలు అమ్మేది. అమ్ముతూ అమ్ముతూ లోపలి పాఠాలన్నీ వినేసేది. ఆమె మొగుడు ఎల్లాజీ చేపలు పట్టేవాడు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. గాలివాన వెలిశాక ఎత్తు దిబ్బ మీద ముందు ఎవరు వల ఆరేస్తే, ఏడాదంతా ఆ చోటు వాళ్ళదే. మూడేళ్ళుగా ఎల్లాజీ ఆఖర్న వెళ్ళి, బురదలో వల ఆరేసుకుంటున్నాడు పాపం.

ఒకసారి పెద్ద తుఫాను వచ్చింది. అప్పుడు ఊరంతా బడి మేడలో దూరింది. ఈశాన్యం నుంచి గాలి హోరుమంది. ఆ తర్వాత చటుక్కున ఆగిపోయింది. ఎండ కూడా కాసింది!

ఎల్లాజీ వల భుజానేసుకున్నాడు. "ఆగు మావా" అంది పోలమ్మ. ఆగలేదు. అప్పుడు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. దాటబోయాడు. ఆ తర్వాత అతని చేతిలో జంతిక పెట్టింది.

"ఇదేటే, తినడానికిదా వేళ?"

"తినకు. ఈ అంచు మీద వేలెట్టి నడుమకి రా."

వచ్చాడు.

"ఇప్పుడు అవతలి అంచుకి పో."

"మళ్ళీ చుట్లు దాటాలి కదే!"

"అదీ సంగతి. పూర్వం కలకత్తాలో ఒక దొర తుఫానుకి సైక్లోనని పేరు పెట్టాడంట. గ్రీకు మాటంట, పాము చుట్టలని అర్థమంట. మేష్టారు చెప్పారు. మనం నడుమున ఉన్నాం మావా. సగం పాము ఇంకా ఉంది."

అందరూ ఘొల్లుమన్నారు. "పెళ్ళాం జంతిక పెడితే ఆగిపోనావేట్రా!" అంటూ పక్కింట్లో ఉండే గురువులనే జాలరి గుమ్మంలోంచి తల బయటపెట్టాడు.

అంతే, నైరుతి నుంచి గాలి విరుచుకుపడింది. గురువులు తలపాగా సముద్రం వైపు ఎగిరిపోయింది. గురువులేమో పోలమ్మ వెనక్కి దూరిపోయాడు.

మర్నాడు అందరూ వలలతో పరిగెత్తారు. తీరా చూస్తే దిబ్బే లేదు!

"నా చోటేదే?" అన్నాడు ఎల్లాజీ.

"నిన్న వెళ్ళుంటే నీకే దొరికేది మావా. చోటుతో పాటు నిన్నూ వెతుక్కునేవాళ్ళం."

అప్పటినుంచీ ఆ ఊళ్ళో గాలి ఆగితే ఎవరూ కదలరు. కూర్చుని జంతికలు నములుతూ రెండో గాలి కోసం చూస్తారు.

గాలి వెళ్ళె కొండకి, కథ వెళ్ళె కంచికి,
మీరేమో నిద్రకి, నేనేమో వంటింటికి!

జంతికల గొట్టంలో సగం పిండి అలాగే ఉండిపోయిందర్రా. వాసన వచ్చిందని ఎవరూ లేవకూడదు.