నీటికి నడక నేర్పిన పీత

ఒకప్పుడు పీత ముందుకే నడిచేది. దారిలో రాయి అడ్డొస్తే ఎక్కి దిగేదే తప్ప పక్కనుంచి పోయేది కాదు. ముక్కే లేని ఆ పీతకు తన ముక్కుసూటి నడకంటే ఎంత గర్వమో చెప్పలేం.

అది కొండమీది గెడ్డలో ఉండేది. గెడ్డంటే కొండవాగు. దానికీ ఒకటే పద్ధతి. పైనుంచి దబ్బున దూకడం, లోయ అడుగున పడి సముద్రం దారి పట్టడం. కొండవాలున ఉన్న పొలాలకు చుక్క కూడా ఇచ్చేది కాదు.

ఆ పొలాల్లో ఒకటి కొండమ్మది. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చోడి, అంటే రాగి, నారుమడి వాడిపోతోంది. కుండలతో నీళ్లు మోసి మోసి కొండమ్మ మెడ పట్టేసింది. గెడ్డ ఒడ్డున కూలబడి ఏడ్చింది.

"ఇంక మూడ్రోజులు. నారు పోతే ఈయేడు గింజ నేదు. గింజ నేకపోతే ఈ లోయొగ్గేసి ఎలిపోవాల."

పీత బయటికొచ్చింది. "దీనికి ఏడుపేటమ్మా? నాలాగ తిన్నగా తవ్వు. నీళ్లు తిన్నగా వచ్చేస్తాయి."

కొండమ్మ నమ్మింది. గెడ్డ నుంచి మడిదాకా కిందికి గీత గీసినట్టు తవ్వింది. నీళ్లు వచ్చాయి. నడిచి రాలేదు, దొర్లుకుంటూ వచ్చి సగం నారును పెళ్లగించుకుపోయాయి.

కొండమ్మ గబగబా మట్టి వేసి ఆ దారి మూసేసింది. పీతను ఒక్క మాట అనలేదు. బురదలో కూర్చుని, మిగిలిన నారును ఒక్కొక్కటే నిలబెట్టింది. తిట్టినా బాగుండేదని పీత కుమిలిపోయింది.

అది గెడ్డ దగ్గరికెళ్లి నిలదీసింది. "నెమ్మదిగా నడవలేవా?"

"నాకు పడడమే వచ్చు" అంది గెడ్డ. "నడక ఎవరు నేర్పారు నాకు? సెయ్యట్టుకు నడిపిస్తే వస్తాను. ఒగ్గేస్తే మళ్లీ పడతాను."

పీత తన డెక్కతో నీటి చెయ్యి పట్టుకుంది. ముందుకు నడిస్తే వెనక నీళ్లు కనబడక జారిపోయాయి. నీళ్లవైపు తిరిగి వెనక్కి నడిస్తే దారి కనబడక గోతిలో పడింది.

కొండమ్మ దాన్ని గోతిలోంచి తీసింది. "ఓ కన్ను దారి మీదెట్టు, ఓ కన్ను నీటి మీదెట్టు. మా సంటిదానికి నడక నేర్పినప్పుడు నాను అలాగే పక్కకి నడిచేను" అంది.

"పక్కకా? నానా?" పీతకు తల కొట్టేసినట్టయింది. కానీ మిగిలిన సగం నారు కళ్లముందే ఉంది. అది మెల్లగా పక్కకి తిరిగింది.

ఒక్కో అడుగూ వేస్తూ కొండ నడుము చుట్టూ బయల్దేరింది. నీళ్లు తొందరపడితే ఆగేది. నీళ్లు ఆగితే వేలెడు కిందికి జరిగేది. పీత అడుగు పడ్డచోటల్లా కొండమ్మ పలుగుతో తవ్వింది. అది చూసి లోయలో జనం పారలు పట్టుకొచ్చారు.

మూడో రోజు పొద్దు వాలే వేళకు నీళ్లు చప్పుడు లేకుండా మడిలోకి అడుగుపెట్టాయి. నారు తలెత్తింది. కొండమ్మ నవ్వుతూ ఏడ్చింది.

పీత ఇంటిదారి పట్టింది. ముందుకు వేద్దామంటే కాలు పక్కకే పడుతోంది.

"నా మూలాన నీ నడక పోయింది" అంది కొండమ్మ.

"పోనీలేమ్మా. ఎనకాల నీళ్లు వస్తన్నాయో నేదో సూసుకోకుండా ఇంక నాను నడవలేను."

ఇప్పటికీ ఏటా కాలవకు నీళ్లు వదిలే రోజు ఆ లోయలో పండగే. పిల్లలూ ముసలివాళ్లూ చేతులు పట్టుకుని గెడ్డ నుంచి మొదటి మడిదాకా గట్టుమీద పక్కకే నడుస్తారు. మరిచిపోయి ముందుకు నడిచినవాళ్లను, ఊరిపెద్దయినా సరే, నిలువునా తడిపేస్తారు. మొదటి గరిటెడు చోడి అంబలి పీత బొరియ దగ్గరే పోస్తారు.

అప్పటినుంచే పీత పక్కకి నడుస్తోంది. ఒక కన్ను దారి మీద, ఒక కన్ను వెనకాల వచ్చే నీటి మీద.