కథకుడు రాయించిన ఒక్క పేరు

నర్సీపట్నం పక్క పల్లెలో భద్రాచలం అనే బుర్రకథ కథకుడు ఉండేవాడు. కథ బాగా చెప్పేవాడే గాని, జనం కొట్టే చప్పట్లన్నీ తన ఒక్కడికేనని నమ్మేవాడు.

బుర్రకథకు ముగ్గురుండాలి. నడుమ కథకుడు తంబురా పట్టుకుని నిలబడతాడు. అటొకరు ఇటొకరు వంతలు గుమ్మెటలు వాయిస్తారు. కథకుడు ఒక మాట అని ఆగితే వంతలు 'తందాన తాన' అని అందుకుంటారు. ఆ కాస్త సేపట్లో అతను ఊపిరి తీసుకుంటాడు. భద్రాచలానికి కుడిపక్క నూకరాజు, ఎడమపక్క నూకరాజు పెళ్ళాం ఎర్నమ్మ. పద్దెనిమిదేళ్ళుగా అదే వరస. జనాన్ని కడుపుబ్బ నవ్వించేది నూకరాజు. భద్రాచలం కథ మరిచిపోతే, ఏదో అడుగుతున్నట్టుగా ఆ సంగతి అందించేది ఎర్నమ్మ.

కరోనా వచ్చి, వాళ్ళను కథకు పిలిచే ఊరి తీర్థాలు, జాతరలు ఆగిపోయాయి. మొదటి ఏడు ఎలాగో గడిచింది. రెండో ఏడు గడవలేదు. భద్రాచలం మేకల్ని అమ్ముకున్నాడు. కూలికి వెళ్ళే జీడిపిక్కల బట్టీ కూడా మూతపడటంతో ఎర్నమ్మ ఇంట్లో పొయ్యి రోజుకు ఒక్కసారే వెలిగించేది. ఈసారైనా తీర్థాలకు పిలుస్తారా అని నూకరాజు రోజూ వచ్చి అడిగేవాడు. భద్రాచలం మొదట్లో విసుక్కునేవాడు. పోనుపోను విసుక్కోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

అలాంటప్పుడు, ప్రదర్శనల మీద బతికేవాళ్ళకు ప్రభుత్వం సాయం ప్రకటించింది. జట్టుకు ఒక దరఖాస్తు. అందులో ఎందరి పేర్లుంటే అందరికీ విడివిడిగా డబ్బూ బియ్యమూ ఇస్తారు.

పంచాయతీ కార్యదర్శి దరఖాస్తులో భద్రాచలం పేరు రాసి, "మీరు ముగ్గురు కదా, మిగతా పేర్లు చెప్పు" అన్నాడు.

వాళ్ళ పేర్లు చెబితే భద్రాచలం వాటాలో ఒక్క గింజ తగ్గదు. అయినా 'కళాకారులు' అన్న మాట కింద తన పేరు పక్కన వాళ్ళ పేర్లుండటం అతనికి మింగుడు పడలేదు.

"కథ చెప్పేది నేనండి. వాళ్ళు తందానా అంటారు, అంతే. ఆ మాత్రం ఎవరైనా అంటారు" అన్నాడు.

నూకరాజు సాయం సంగతి అడిగినప్పుడు మాత్రం, వంతలకు ఇంకా ఏమీ రాలేదని చెప్పి పంపించాడు.

నెల తిరక్కుండా భద్రాచలానికి సాయం అందింది. ఆ వారమే జాబితాను పంచాయతీ గోడకు అంటించారు. ఎర్నమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివి ఇంటికి వెళ్ళిపోయింది.

తర్వాత మండల ఆఫీసు నుంచి భద్రాచలానికి కబురొచ్చింది. టీకా వేయించుకోమని ఊరూరా బుర్రకథ చెప్పాలట. ఏడాది పని. ముందుగా ఒకసారి చెప్పి చూపించాలి. భద్రాచలం గబగబా నూకరాజు ఇంటికి వెళ్ళాడు.

నూకరాజు మంచం మీంచి లేవలేదు. "కార్యదర్శి అంతా చెప్పేడన్నా. కళాకారుడివి నువ్వొక్కడివే కదా, ఒక్కడివే చెప్పుకో. తందానా అనడానికి అక్కడెవడో ఒకడు దొరక్కపోడు."

"దొరక్కేం" అంటూ భద్రాచలం పౌరుషంగా వచ్చేశాడు.

మండల ఆఫీసు వరండాలో ఇద్దరు బంట్రోతుల్ని బతిమాలి పక్కన నిలబెట్టుకున్నాడు. వాళ్ళు రెండుసార్లు తందానా అని, మాస్కుల చాటున నవ్వుకుని వెళ్ళిపోయారు. భద్రాచలం ఒక మాట అనేవాడు, అలవాటుగా ఆగేవాడు. ఆ ఖాళీలో రోడ్డు మీద ఆటోల చప్పుడు వినిపించేది. ఆగకుండా చెబుదామంటే ఊపిరి అందేది కాదు. నాలుగో మాట దగ్గర కథ మరిచిపోయాడు. ఎడమపక్కకు తిరిగాడు. అక్కడ గోడ ఉంది.

ఎదురుగా కూర్చున్న అధికారిణి పొద్దున్నుంచీ కాగితాలు చూసి చూసి అలసిపోయి ఉంది. "మీ వంతలేరీ?" అని అడిగింది.

"వాళ్ళు కళాకారులు కారండి."

"మరి ఇందాకటి నుంచి ఎవరి కోసం ఆగుతున్నారు?"

ఆ పని ఇంకో జట్టుకు వెళ్ళింది.

మర్నాడు తన బియ్యంలో సగం మూటగట్టుకుని అతను నూకరాజు ఇంటికి వెళ్ళాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ సామాను సర్దుకుంటున్నారు. విశాఖపట్నంలో ఏదో అపార్టుమెంటుకు కాపలా పని దొరికిందట. నూకరాజు మొహం తిప్పుకున్నాడు.

"తప్పయిపోయింది ఎర్నమ్మా. కాళ్ళావేళ్ళా పడైనా మీ పేర్లు రాయిస్తాను" అన్నాడు భద్రాచలం.

ఎర్నమ్మకు కోపం కూడా మిగల్లేదు. "రాయిద్దువు గాని బావా. రాయించడానికి జట్టేదీ?" అని సామాను మూట నెత్తికెత్తుకుంది.

పిల్లలూ, పక్కన నిలబడి మన మాట అందుకునేవాళ్ళ పేరు సాయం అందే వేళ మన పేరుతో పాటే చెప్పాలి. వాళ్ళను వదిలేసి తన పేరొక్కటే చెప్పుకున్నవాడు ఒంటరిగానే మిగిలిపోతాడు.