రాజుగారి భోజనానికి సాక్షులు

ఒకానొక రాజ్యంలో రాజుగారి నవ్వుకు కరువు లేదు. కాకపోతే ఆ నవ్వంతా విదూషకుడు బొల్లన వాటాకే పోయేది. బొల్లన తుమ్మినా రాజు ఉద్దండవర్మ పకపకా నవ్వేవాడు. మంత్రి మార్తాండయ్య నీతిశాస్త్రం చెబితే ఆవులించేవాడు. మంత్రిగారికి కడుపు మండిపోయేది. ఎంత నెయ్యి పోసుకు తిన్నా ఒంటికి పట్టేది కాదు. అసూయ నిండిన కడుపులో అన్నానికి చోటెక్కడ?

అసలే మంట, దానికి తోడు బొల్లన మాట విని రాజు కోట వాకిట గంజిశాల పెట్టించాడు. దిక్కులేని వాళ్ళకు మధ్యాహ్నం కడుపునిండా గంజి, నంజుకోవడానికి ఊరగాయ బద్ద. దాంతో రాజుగారికి ఒక వ్రతం కూడా పట్టుకుంది. కావలివాడు వచ్చి "ఊళ్ళో అందరూ తిన్నారు ప్రభూ" అని కేక వేస్తే గానీ ఆయన తన విస్తట్లో చెయ్యి పెట్టడు. ఆ కేక పొరుగుదేశం రాయబారుల చెవిన పడాలని వాళ్ళను పక్కనే కూర్చోబెట్టుకునేవాడు. "మా తాతముత్తాతలు కూడా ఇంత ధర్మం చెయ్యలేదు" అని మీసం దువ్వుకునేవాడు. వాళ్ళ మెచ్చుకోలులో సగం బొల్లనకు దక్కేది.

మార్తాండయ్య ఊరుకుంటాడా? లొసుగు కోసం వెతికాడు. దొరికింది. రెండు పాడిగేదెలున్న చెంచయ్య, చిరుగుల పంచె కట్టుకొచ్చి రోజూ గంజి తాగిపోతున్నాడు.

"బొల్లన ధర్మం ఇదీ ప్రభూ. తమ సొమ్ముతో దొంగలను మేపుతున్నాడు" అన్నాడు నిండుసభలో.

రాజు ముఖం ఎర్రబడింది. "నన్నే మోసం చేస్తారా? ఏం చేద్దామంటావు?"

"ఇకమీదట ఎవరొచ్చినా, వీరికి దిక్కులేదని ఇద్దరు పెద్దమనుషులు వాకిట నిలబడి దీపం ముందు ప్రమాణం చెయ్యాలి. ప్రమాణం లేని మాట ఈ కోటలో చెల్లదని శాసనం చెయ్యండి."

"భేష్" అన్నాడు రాజు. ఆ ఒక్క మాటకు మార్తాండయ్య ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

"దొంగకు గోడ దూకడం వచ్చు ప్రభూ. తలుపేస్తే ఆగిపోయేది ముసలీముతకే" అన్నాడు బొల్లన. ఎవరూ వినిపించుకోలేదు.

కొన్నాళ్ళకే గంజిశాల ముందు బారు కరిగిపోయింది. ఒక్కటి తప్ప కాగులన్నీ బోర్లించారు. "చూశారా, ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళంతా దొంగలే" అన్నాడు మంత్రి. రాజు మురిసిపోయి తన చేత్తో తాంబూలం ఇచ్చాడు. మార్తాండయ్య అది నములుతూ బొల్లన వైపు ఓరగా చూశాడు. బొల్లన తలవంచుకుని ఉన్నాడు. ఆ వంగిన తల తాంబూలం కంటే తియ్యగా ఉంది.

ఆ తియ్యదనంతోనే మర్నాడు తన ఘనత చూసుకుందామని గంజిశాలకు వెళ్ళాడు. గడప దగ్గర ముత్యాలవ్వ అనే ముసలామె, మట్టి మూకుడు పట్టుకుని నిలబడి ఉంది.

"నాకెవరూ లేరు నాయనా" అంటోంది కావలివాడితో.

"ఆ మాట ఇద్దరొచ్చి చెప్పాలవ్వా."

"వచ్చి చెప్పేవాళ్ళుంటే నేనిక్కడికెందుకొస్తాను?"

కావలివాడు దీపం వైపు చెయ్యి చూపించాడు. అవ్వ మూకుడు చంకన పెట్టుకుని గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడే చెంచయ్య వచ్చాడు. అతని దగ్గర పాలు పోయించుకునే ఇద్దరు పెద్దమనుషులు దీపం ముందు చక్కగా ప్రమాణం చేశారు. చెంచయ్య రెండో విడత కూడా గంజి పోయించుకున్నాడు.

మార్తాండయ్య ఇదంతా చూశాడు. రాజుతో చెబుదామనుకున్నాడు. చెబితే బొల్లన మాటే నెగ్గినట్టవుతుంది. దానికి మనసొప్పలేదు. నోరు కుట్టుకుని కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం రాజుగారి విస్తరి నిండింది. పక్కన రాయబారి. కావలివాడు కేక వేశాడు. రాజు కలుపుకోబోతుంటే బొల్లన అడ్డొచ్చాడు.

"సాక్షులేరి ప్రభూ?"

"దేనికి?"

"ఊళ్ళో అందరూ తిన్నారన్న మాటకు. ప్రమాణం లేని మాట చెల్లదని తమ శాసనమే కదా. ఇద్దరు పెద్దమనుషులు దీపం ముందు ఒట్టేస్తే తమరు నిశ్చింతగా భోంచెయ్యొచ్చు."

రాయబారి చూస్తుండగా రాజు ముద్దెలా ఎత్తుతాడు? దీపం తెప్పించి సేనాపతిని పిలిచాడు. "నేను కోట దాటి చూడలేదు ప్రభూ" అన్నాడు సేనాపతి. కోశాధికారికి ఉన్నట్టుండి దగ్గు తెర పట్టుకుంది. నెయ్యి పేరుకుంటోంది. పులుసు చల్లారుతోంది. రాజుగారి కడుపు అందరికీ వినబడేలా గురగురలాడింది.

"మార్తాండయ్యా, శాసనం నీ సలహా. నువ్వొచ్చి ఒట్టెయ్యి."

మార్తాండయ్య దీపం మీదికి చెయ్యి చాపాడు. ఒక్క మాటంటే చాలు, రాజుగారి మన్నన తనదే. బొల్లన ఎగతాళి లేకుండా చూస్తున్నాడు. వీడి మీద ఇంత ద్వేషం మార్తాండయ్యకు మునుపెన్నడూ కలగలేదు. ఎప్పుడూ న్యాయం వీడి పక్షానే ఎందుకుంటుంది? కానీ అవ్వ గోడ పట్టుకుని వెళ్ళడం కళ్ళలో మెదిలింది. చెయ్యి దానంతటదే వెనక్కొచ్చింది.

"చెయ్యలేను ప్రభూ. ముత్యాలవ్వ తినలేదు, నేను చూశాను. చెంచయ్య సాక్షులతో వచ్చి తిన్నాడు. అదీ చూశాను."

"అయితే నా సంగతేమిటి?" అన్నాడు రాజు నీరసంగా.

"అవ్వ తినేదాకా తమకూ పస్తే" అన్నాడు బొల్లన.

రాజు అప్పడం వైపు ఆశగా చూశాడు. తన అవస్థకు తనకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా ఇంట్లోనే నన్ను ఆకలితో కూర్చోబెట్టావు కదరా" అని ముత్యాలహారం తీసి బొల్లన మెడలో వేశాడు. ఇకనుంచి గంజి ముందు, విచారణ తరవాత అన్నాడు. ఆ విచారణ కూడా వాకిట్లో కాదు, ఇళ్ళకు వెళ్ళి చెయ్యాలన్నాడు. చెంచయ్య తాగినన్నాళ్ళ గంజికీ బదులుగా రోజూ గంజిశాలకు కుండెడు మజ్జిగ పొయ్యాలని తీర్పిచ్చాడు.

"విచారణ మంత్రిగారికే ఇప్పించండి ప్రభూ" అన్నాడు బొల్లన. "ఎవరి విస్తట్లో ఏం పడిందో ఆయన కన్ను దాటిపోదు. ఆ కన్ను ఖాళీ విస్తళ్ళ మీద పడితే ఊళ్ళో పస్తులుండవు."

మార్తాండయ్యకు ఒళ్ళు మండింది. అయినా తనే అన్నం పట్టుకుని ముత్యాలవ్వ గుడిసెకు వెళ్ళాడు. అవ్వ మొదటి ముద్ద మింగి కళ్ళు తుడుచుకుంది.

"ఈ గంజిశాల పెట్టించాలన్న ఆలోచన ఏ పుణ్యాత్ముడిది నాయనా?"

మార్తాండయ్య గొంతు సవరించుకున్నాడు. బయటికి చూశాడు. అవ్వ రెండో ముద్ద కూడా తినేసింది.

"బొల్లనది" అన్నాడు.